ఈనిన వారంలోనే పొదుగువాపు ఎందుకు?

(పాల సంఘాల కార్యదర్శులు, పాల పరీక్షకుల శిక్షణ తరగతిలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కిందటి తరగతిలో ఒక కార్యదర్శిగారు లేచి ఒక ప్రశ్న వేశారు. "అయ్యా, ఏడాదంతా బాగున్న ఆవుకు సరిగ్గా ఈనిన వారంలోనే పొదుగువాపు ఎందుకు వస్తుంది? మాయ పడకపోవడం, గర్భసంచిలో చీము పట్టడం, ఇవన్నీ కూడా అప్పుడే ఎందుకు?" అన్నారు. ఆ రోజు టైము చాలక "ఒంట్లో నీరసంగా వుంటుందండీ" అని దాటవేశాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నీరసం ఎక్కడ వస్తుంది, దేని వల్ల వస్తుంది అన్నది చెప్పాలి గదా. ఆ బాకీ ఇవాళ తీరుస్తాను. ఇందుకోసం తెల్ల రక్తకణం లోపలికి వెళ్ళవలసి వుంటుంది. లోపల కొన్ని కొత్త పేర్లు తగులుతాయి. పేర్లు మరచిపోయినా నష్టం లేదు, దారి గుర్తుంటే చాలు.

ముందుగా నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్ళో మూడో ఈత ఈనిన సంకరజాతి ఆవు పడిపోయిందని తెల్లవారుజామున కబురు వచ్చింది. వెళ్ళి చూస్తే మెడ పక్కకు తిప్పి పొట్ట మీద పెట్టుకొని పడుకొని వుంది, చెవులు చల్లగా వున్నాయి. పాలజ్వరం. పేరు జ్వరమే గాని ఒళ్ళు చల్లబడే జబ్బు. సీసా కాల్షియం నెమ్మదిగా నరానికి ఎక్కించాను. గంట తిరగకుండా ఆవు లేచి నిలబడింది, పేడ వేసింది, గడ్డి అందుకుంది. చుట్టూ చేరినవాళ్ళు నన్ను దేవుణ్ణి చేశారు. నేనూ కొంచెం పొంగిపోయి ఇంటికి వచ్చాను.

రెండో రోజు సాయంత్రం మళ్ళీ కబురు. పొదుగులో రెండు భాగాలు రాయిలా వున్నాయి, పాలకు బదులు పసుపు పచ్చని నీళ్ళు వస్తున్నాయి. ఎంత వైద్యం చేసినా ఆ రెండు చన్నులూ మూసుకుపోయాయి. ఆ ఇంటి ఇల్లాలు "దిష్టి తగిలింది డాక్టరుగారూ, మొన్న అంతమంది చూశారు గదా" అన్నది. నేను కాదనలేదు. ఎందుకంటే నా దగ్గర అంతకంటె మంచి కారణం లేదు. పాలజ్వరం ఒక జబ్బు, పొదుగువాపు మరొక జబ్బు, రెండూ పక్కపక్కన రావడం దురదృష్టం అనుకున్నాను. ఆ రెండూ ఒకే తాడుకు కట్టిన ముడులని చాలా ఏళ్ళ తర్వాతగాని చదివి తెలుసుకోలేదు.

ఆ తాడు ఏమిటో చూద్దాం.

మన డెయిరీలో పాశ్చరైజు చేసిన పాలకు ఫాస్ఫటేజ్ పరీక్ష చేస్తారని పాల పరీక్షకులకు చెప్పనవసరం లేదు. పచ్చిపాలలో ఫాస్ఫటేజ్ అనే ఎంజైము వుంటుంది. దానికి తెలిసిన పని ఒక్కటే, ఫాస్ఫేటు ముక్క తగిలించి వున్న పదార్థం నుంచి ఆ ముక్కను ఊడదీయడం. పాలు సరిగా కాగితే ఆ ఎంజైము చస్తుంది, కాగకపోతే బతికి వుండి మనం వేసిన మందును పచ్చగా మారుస్తుంది. ఆ పచ్చరంగు వచ్చిందంటే ఫాస్ఫేటు ముక్క ఊడిందని అర్థం. ఊడదీసే ఎంజైములు వున్నట్లే తగిలించే ఎంజైములు కూడా వున్నాయి. వాటిని కైనేజులు అంటారు. జంతువుల ఒంట్లో మాంసకృత్తులకు ఫాస్ఫేటు తగిలించే ఎంజైమును మొదటిసారి 1954లో బర్నెట్, కెన్నెడీ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుక కాలేయంలో చూపించారు. దానిని పట్టుకోవడానికి వారు వాడిన మాంసకృత్తు ఏమిటనుకున్నారు? పాలలోని కేసీనే. మరుసటి సంవత్సరం ప్రాంతంలో సియాటిల్ నగరంలో క్రెబ్స్, ఫిషర్ అనేవారు కండరాలలో ఇదే తగిలించడం, ఊడదీయడం పని చేసే తీరును బయటపెట్టారు. అందుకు 1992లో వారికి నోబెల్ బహుమానం ఇచ్చారు.

తగిలించే ఫాస్ఫేటు ఎక్కడి నుంచి వస్తుంది? ఎ.టి.పి. అనే పదార్థం నుంచి వస్తుంది. ఇక్కడ మనవాళ్ళు ఛాతీ విరుచుకోవలసిన మాట ఒకటున్నది. ఆ ఎ.టి.పి.ని 1929లో కనిపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్కే అనే ఆయనతో కలిసి పని చేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ అనే ఆయన కూడా విడిగా కనిపెట్టారు. రక్తంలో భాస్వరం ఎంత వున్నదో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించినది కూడా ఫిస్కే, సుబ్బారావుగార్లే. పశువుల రక్త పరీక్షల్లోనూ ఆ పద్ధతి ఎన్నో ఏళ్ళు వాడారు.

ఇప్పుడు తెల్లకణం దగ్గరికి వస్తాను. పొదుగులోకి క్రిమి వచ్చినా, గాలికుంటు టీకా వేసినా, తెల్లకణం దానిని కళ్ళతో చూడదు. కణం పైపొర మీద కొక్కేలవంటివి వుంటాయి. తనకు సరిపోయే క్రిమి ముక్క కొక్కేనికి తగులుకుంటుంది. కొక్కెం బయట వుంది, పని జరగవలసినది కణం నడిబొడ్డున. వీధి తలుపు తట్టిన శబ్దం పెరట్లో వున్నవాళ్ళకు వినబడాలి. మధ్యలో కబురు మోసేది ఎవరు? ఈ ఎంజైములే.

టి-కణం అనే ఒక జాతి తెల్లకణంలో ఈ వరస బాగా తేలింది గనుక దానినే చెబుతాను. కొక్కేనికి క్రిమి ముక్క తగలగానే, పైపొర లోపలివైపు అంటుకొని కూర్చున్న ఎల్.సి.కె. అనే కైనేజ్ కొక్కెం తోకకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఫాస్ఫేటు తగిలిన చోట జాప్-70 అనే రెండో కైనేజ్ వచ్చి కూర్చుంటుంది. దానిని కూడా మొదటిదే మేల్కొలుపుతుంది. జాప్-70 మేల్కొని, రచ్చబండ లాంటి ఒక మాంసకృత్తుకు నాలుగైదు చోట్ల ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. రచ్చబండ మీదికి చేరేవారిలో ముఖ్యమైనది ఫాస్ఫోలైపేజ్ సి. లైపేజ్ పేరు మీకు కొత్త కాదు, పాలలో కొవ్వును విడగొట్టి చెడు వాసన తెచ్చేది అదే. ఇది దాని దూరపు చుట్టం. కణం పైపొరలో భాస్వరం వున్న ఒక కొవ్వును ఇది రెండు ముక్కలు చేస్తుంది. అందులో ఒక ముక్క లోపలికి ఈదుకుంటూ పోయి, కణంలో దాచి వుంచిన కాల్షియం గాదె తలుపు తీస్తుంది.

అవును, కాల్షియమే. పాలజ్వరానికి మనం ఎక్కించే ఆ కాల్షియమే.

ఖాళీగా కూర్చున్న తెల్లకణం లోపలి ద్రవంలో కాల్షియం అతి తక్కువగా వుంటుంది. బయట రక్తంలో దానికి సుమారు పదివేల రెట్లు వుంటుంది. గాదె తలుపు తెరుచుకొని లోపలి నిల్వ ఖాళీ అవుతుండగానే, పైపొర మీద మరొక తలుపు తెరుచుకొని బయటి రక్తం నుంచి కాల్షియం లోపలికి వస్తుంది. ఈ రెండో తలుపుకు ఓరై అని పేరు పెట్టారు. గ్రీకు పురాణాలలో స్వర్గద్వారం కాచేవాళ్ళ పేరట. మనమైతే జయవిజయులు అని పెట్టుకొనేవాళ్ళం. కాల్షియం పెరిగిన వెంటనే కాల్సినూరిన్ అనే ఎంజైము మేల్కొంటుంది. ఇది ఫాస్ఫటేజ్ జాతిది, మన పాల పరీక్షలో మాదిరి ఊడదీసే ఎంజైము. కణం మధ్యలో ఒక మాంసకృత్తు ఒంటి నిండా ఫాస్ఫేట్లు తగిలించుకొని కదలకుండా కూర్చుని వుంటుంది. కాల్సినూరిన్ ఆ ఫాస్ఫేట్లను ఊడదీస్తే అది కేంద్రకంలోకి పోయి, సంతతి పెంచుకొమ్మని, తోటి కణాలను పిలవమని హుకుం జారీ చేయిస్తుంది. అప్పుడుగాని తెల్లకణం సైన్యంగా మారదు.

ఇదంతా పుస్తకాల్లో రాసుకున్న ఊహ కాదా అని మీకు అనిపించవచ్చు. ఈ గొలుసులో ఒక్కొక్క లంకె తెగితే ఏమవుతుందో లోకం చూసింది. 1952లో అమెరికాలో ఆగ్డెన్ బ్రూటన్ అనే సైనిక వైద్యుడి దగ్గరికి ఎనిమిదేళ్ళ పిల్లవాడు వచ్చాడు. మాటిమాటికీ రక్తంలో క్రిమి చేరి జబ్బు పడేవాడు. పరీక్ష చేస్తే రక్తంలో రక్షక పదార్థాలు వుండవలసిన చోట ఖాళీ. అటువంటి పిల్లల్లో లోపం ఏమిటో 1993లో తేలింది. రక్షక పదార్థాలు తయారుచేసే తెల్లకణాలు ఎదగడానికి కావలసిన ఒకే ఒక్క కైనేజ్ చెడిపోవడం. దానికి ఆ వైద్యుడి పేరే పెట్టారు. బ్రూటన్ ఆ పిల్లవాడికి ఇతరుల రక్తం నుంచి తీసిన రక్షక పదార్థాన్ని ఇంజెక్షను చేస్తూ కాపాడారు. అరువు రక్షణ అన్నమాట. మన దూడ కూడా పుట్టినప్పుడు అచ్చం ఆ పిల్లవాడి స్థితిలోనే వుంటుంది. ఆవు కడుపులో మాయ గుండా రక్షక పదార్థాలు దూడకు చేరవు. ముర్రుపాలే దాని అరువు. మొదటి గంట రెండు గంటల్లో ముర్రుపాలు పట్టించండి అని మేము ప్రతి సభలోనూ అరిచేది ఇందుకే.

కాల్షియం లంకె సంగతి ఇంకా స్పష్టంగా తేలింది. 2006లో కొందరు పసిపిల్లల్లో ఆ ఓరై తలుపు పుట్టుకతోనే తెరుచుకోకుండా వున్నదని కనుగొన్నారు. వారి రక్తంలో టి-కణాలు లెక్కకు సరిగానే వున్నాయి, కాని క్రిమి వస్తే కదలలేదు. సిపాయిలు వున్నారు, బూర వినబడలేదు. కాల్సినూరిన్ సంగతి వేరే దారిలో తెలిసింది. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి సైక్లోస్పోరిన్ అనే మందు తీశారు. మూత్రపిండాలు మార్చినవారికి, కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఆ మందు ఇస్తారు. ఆ మందు పట్టి ఆపేది కాల్సినూరిన్‌నే అని 1991లో తెలిసింది. అంటే ఈ ఒక్క ఎంజైమును ఆపితే చాలు, రోగనిరోధక శక్తి చాలా వరకు మూలన పడుతుంది.

ఇక మన ఆవు దగ్గరికి వద్దాం.

పెద్ద ఆవు రక్తద్రవం మొత్తం కలిపితే సుమారు 3 గ్రాముల కాల్షియం మాత్రమే వుంటుంది. పది లీటర్ల ముర్రుపాలలో పోయేది సుమారు 23 గ్రాములు. ఈ లెక్క విన్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. రక్తంలో వున్నదానికి ఏడెనిమిది రెట్లు ఒక్కరోజులో పొదుగులోకి దిగిపోతున్నది. ఎముకల నుంచి, పేగుల నుంచి తెచ్చి పూడ్చుకోవాలి. ఆ తెచ్చుకునే యంత్రాంగం వేడెక్కడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా రక్తంలో కాల్షియం పడిపోతుంది. నూరు మిల్లీలీటర్లకు 8.5 నుంచి 10 మిల్లీగ్రాములు వుండవలసినది 5కు దిగజారితే ఆవు పడిపోతుంది, మనకు కబురు వస్తుంది. 7 దగ్గర ఆగితే పడిపోదు. నిలబడే వుంటుంది. మేత కొంచెం తగ్గిస్తుంది. ఎవరూ పట్టించుకోరు. ప్రమాదం ఇక్కడ వున్నది.

ఆ పిల్లల తలుపు సంగతి తెలిసిన 2006లోనే, అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ ఊళ్ళో పశువ్యాధుల పరిశోధన కేంద్రంలో కిమురా, రైన్‌హార్ట్, గాఫ్ అనే ముగ్గురు ఈనిక రోజుల్లో వున్న ఆవుల తెల్లకణాలను తీసి పరీక్షించారు. కణాన్ని పైనుంచి తట్టితే లోపల కాల్షియం ఎంత లేస్తుందని కొలిచారు. ఈనే రోజుల్లో అది మందగించింది. పాలజ్వరం వచ్చిన ఆవుల్లో మరీ మందగించి, నరానికి కాల్షియం ఎక్కించిన తర్వాత మెరుగుపడింది. నన్ను ఆలోచింపజేసినది మరొక సంగతి. రక్తంలో కాల్షియం పడిపోక ముందే తెల్లకణాల గాదెల్లో నిల్వ తరిగిపోయి వున్నది. ఆవు పడిపోవడం కంటె ముందే సైన్యం మందుగుండు అయిపోయిందన్నమాట. తర్వాత 2014లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంవారు ఇంకో అడుగు వేశారు. చూడి లేని, పాలివ్వని ఆవుల్లో మందుతో కావాలని కాల్షియాన్ని కొద్దిగా తగ్గించి చూశారు. ఆవులు పడిపోలేదు, కాని క్రిములను మింగి చంపే న్యూట్రోఫిల్ కణాల మింగుడు తగ్గింది, చంపే శక్తి తగ్గింది. పొదుగులో మొదట పరుగెత్తుకు వచ్చి పోరాడేవి ఈ న్యూట్రోఫిల్ కణాలే. వాటి కబుర్ల గొలుసు టి-కణం గొలుసుకు కొంచెం వేరు, అయినా కాల్షియం మెట్టు దానిలోనూ వుంది.

అమెరికాలోనే 1983లో పాడి మందల లెక్కలు తీసినప్పుడు, పాలజ్వరం వచ్చిన ఆవులకు పొదుగువాపు అవకాశం మిగిలినవాటికంటె సుమారు 8 రెట్లు అని తేలింది. నా ఆవు సంగతి అదే. దిష్టి కాదు.

అయితే నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అంతా కాల్షియం మీదికే నెట్టడం సరి కాదు. ఈనే సమయంలో ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది, అది కూడా తెల్లకణాలను అణచిపెడుతుంది. మేత తగ్గి పాలు పెరిగే రోజులు, ఒంట్లో కొవ్వు కరుగుతుంది, అదీ ఒక భారం. పైగా చన్ను చివర ద్వారాన్ని మూసే కండరానికి కూడా కాల్షియం కావాలి. అది లేక ద్వారం వదులైపోతే పేడలో పడుకున్న ఆవుకు క్రిమి లోపలికి రావడం తేలిక. కాబట్టి ఆ వారంలో తలుపు తెరిచి వుంటుంది, కాపలావాడు మగతలో వుంటాడు. కాపలావాడి మగతలో మన చేతిలో వున్న భాగం కాల్షియం గనుక దాని మీద ఇంతసేపు చెప్పాను.

చేయవలసినది చెప్పి ముగిస్తాను. మన ఊళ్ళల్లో తరచు జరిగే పొరపాటు ఒకటున్నది. చూడి ఆవు బలంగా ఈనాలని ఆఖరి నెలంతా కాల్షియం సీసాలు తాగిస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాని అది ఎదురు తిరుగుతుంది. బయటి నుంచి ధారాళంగా వస్తుంటే ఎముకల నుంచి తెచ్చుకునే యంత్రాంగం బద్ధకిస్తుంది, ఈనిన రోజున లేవదు. ఆఖరి మూడు వారాలు కాల్షియం సీసా కట్టిపెట్టండి. లూసర్న్ మేత ఎక్కువగా వున్నవారు ఆ రోజుల్లో తగ్గించి ఎండుగడ్డి, జొన్నచొప్ప పెట్టండి. మెగ్నీషియం తక్కువ కాకుండా చూడాలి. ఆ మూడు వారాలకని వేరే లవణాలు కూడా వున్నాయి, అవి మీ డాక్టరు లెక్క కట్టి చెప్పాలి, అంచనా మీద వేయకండి.

ఈనిన వెంటనే, ఆవు నిలబడి వున్నప్పుడే, నోటి ద్వారా కాల్షియం ఇవ్వండి. పన్నెండు గంటలకో, మరుసటి రోజో ఇంకొకసారి. మూడో ఈత, ఆపై ఈతల ఆవులకు ఇది మరీ అవసరం. తొలిచూలు పడ్డకు అంత అక్కరలేదు. పడిపోయిన ఆవుకు మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి నరం ద్వారానే, అదీ డాక్టరు చేత, గుండె వింటూ నెమ్మదిగా. నిలబడి తిరిగే ఆవుకు "బలానికి" అని నరానికి ఎక్కించమని మమ్మల్ని బలవంతపెట్టకండి. ఒక్కసారి పైకి లేచిన కాల్షియం మళ్ళీ అంతకంటె కిందికి జారుతుంది.

పాలు పితికాక అరగంట, గంట ఆవును పడుకోనివ్వకండి. గాటిలో పచ్చిమేత వేస్తే అదే నిలబడుతుంది. ఆ లోపల చన్ను ద్వారం మూసుకుంటుంది. పడుకునే చోట పొడిగా వుండాలి. ఇది ఖర్చు లేని పని గనుక ఎవరూ చేయరు!

గాలికుంటు టీకా వేసినా పట్టలేదని కొందరు సంఘాలవారు ఫిర్యాదు చేస్తుంటారు. ఇంతసేపు చెప్పినదాన్ని బట్టి మీకే అర్థమై వుంటుంది. టీకా తలుపు తట్టే చెయ్యి మాత్రమే, లోపల గొలుసు కదలాలి. కాబట్టి ఐసు పెట్టెలో పెట్టకుండా తెచ్చిన టీకా, ఎముకలు తేలి జబ్బున పడ్డ పశువుకు వేసిన టీకా, వాపులు తగ్గించే స్టిరాయిడ్ ఇంజెక్షన్ల మధ్య వేసిన టీకా, మూడూ వృథా కావచ్చు. ఆరు నెలలకు ఒకసారి వేసే వంతు మాత్రం తప్పించకండి.

కార్యదర్శులకు నాది ఒకటే అభ్యర్థన. మీ పాల పుస్తకంలో సభ్యుని పేరు, లీటర్లు, వెన్న శాతం గడులు వున్నాయి. పక్కన ఇంకొక గడి గీసి, ఏ ఆవు ఏ నెలలో ఎన్నో ఈత ఈనుతుందో రాసి పెట్టండి. మూడు వారాల ముందు ఆ సభ్యునికి పాల కేంద్రం దగ్గరే నోటి మాటగా చెప్పండి, కాల్షియం సీసా ఇప్పుడు ఆపమని, ఈనిన రోజున తియ్యమని. నా ఆవు ఈనిన ఊళ్ళో ఆ మాట చెప్పేవాళ్ళు ఆనాడు లేరు. డాక్టరుకే తెలియదు మరి.

ఇక ప్రశ్నలు వుంటే అడగండి. కిందటిసారి అడిగిన కార్యదర్శిగారు వెనక వరసలో కూర్చున్నట్లున్నారు, ముందు వారికి అవకాశం ఇద్దాం.